మునిగింది మా ఇల్లు, కారు కాదు: వారంటీ ఇవ్వబోమంటున్నారు, ఏం చేయాలి?

సింగ్ నగర్ టీచరు (2025 ఫిబ్రవరి 2)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2022 మార్చిలో 8 లక్షల 40 వేలు పెట్టి పెట్రోలు కారు కొన్నాం. మూడేళ్ల వారంటీ వచ్చింది, విడిగా డబ్బు కట్టి మరో రెండేళ్లు పొడిగించుకున్నాం. ఇప్పటికి తిరిగింది 31,400 కిలోమీటర్లు. ఒక్క సర్వీసు కూడా బయట చేయించలేదు.

జనవరి 20న, సంక్రాంతి సెలవుల తర్వాత బడికి బయలుదేరాను. రామవరప్పాడు రింగు దగ్గర డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, వైపర్లు వాటంతట అవే కదిలాయి, ఇంజను ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ స్టార్టు కాలేదు. షోరూము వాళ్లే బండి పంపి వర్క్‌షాపుకు లాక్కెళ్లారు.

మర్నాడు సర్వీస్ అడ్వైజర్ ఫోను చేశారు. డాష్‌బోర్డు కింద ఎడమ వైపు ఉండే కంట్రోల్ మాడ్యూల్ (దీపాలు, వైపర్ల వంటివి నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందట, దాంతో పాటు వైరింగ్ కూడా మార్చాలట, 68,500 అవుతుందట. వారంటీ ఉంది కదండీ అన్నాను. “వరదలో మునిగిన బండికి వారంటీ రాదు మేడమ్” అన్నారు.

నాకు అర్థం కాలేదు. వెళ్లి చూశాను. విప్పిన కనెక్టరు ఫోటో చూపించారు. ఇత్తడి చెంబుకు పట్టినట్టు పిన్నుల చుట్టూ పచ్చటి చిలుము. “ఇది వరద నీళ్లేనని ఎలా తెలిసింది?” అని అడిగాను. ఆర్సీ కాగితం తిప్పి చూపించి, “సింగ్ నగర్ కదా మేడమ్, అక్కడ మునగని బండి ఏముంది?” అన్నారు.

బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది 2024 సెప్టెంబరు 1న. ఆ రోజు కారు గుంటూరులో మా అమ్మగారింట్లో, మెట్ట మీద ఉన్న షెడ్డులో ఉంది. నాన్నగారి కంటి ఆపరేషన్ కోసం ఆగస్టు 29నే పాపను తీసుకుని వెళ్లాను. మా వారు, అత్తయ్యగారు ఇక్కడ మేడ మీద చిక్కుకుపోయారు. ఫోన్లలో చార్జింగ్ అయిపోయి రెండు రోజులు వాళ్ల గొంతు కూడా వినలేదు. సెప్టెంబరు 10న తిరిగి వచ్చేసరికి కింది వాటాలో నా భుజం ఎత్తున బురద గీత ఉంది. రెండు సార్లు సున్నం వేయించాం, ఆ గీత ఇప్పటికీ పైకి తేలుతోంది. బీరువా, ఫ్రిజ్, పాప పుస్తకాలు, మా పెళ్లి ఫోటోలు అన్నీ పోయాయి. నీళ్లు తగలకుండా మిగిలిన వస్తువు ఆ కారు ఒక్కటే. దాన్ని కూడా మునిగిందని రాసి, నేను దాచి అబద్ధం చెబుతున్నట్టు చూస్తున్నారు. డబ్బు కన్నా అదే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

ఇప్పుడు మూడు మాటలు చెబుతున్నారు. డబ్బు కట్టి రిపేరు చేయించుకుంటానని జాబ్ కార్డు (బండికి చేసే పని రాసే వర్క్‌షాపు కాగితం) మీద సంతకం చేయాలి. లేదా వరదలో పాడైందని బీమా క్లెయిము పెట్టుకోవాలి, కాగితాలు వాళ్లే రాసిపెడతారట. ఈ రెండూ కాదంటే శనివారం నుంచి రోజుకు 300 రూపాయల చొప్పున పార్కింగ్ కట్టాలి. మునగలేదని నేను ఎలా నిరూపించుకోవాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాత స్పానరు (ఫిబ్రవరి 2)

అమ్మా, ఆటోనగర్‌లో ముప్పై ఏడేళ్లు రెంచీ పట్టిన చేతితో రాస్తున్నాను. సెప్టెంబరు వరద తర్వాత నా షెడ్డుకు వచ్చిన బళ్లు ఎన్నో విప్పాను. మునిగిన బండి తన కథ తానే చెబుతుంది, అడ్రసు చూడనక్కర లేదు.

ముందు సీటు బెల్టు చివరి దాకా లాగండి. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు కాబట్టి కడిగినవాడు కూడా ఆ చివర వదిలేస్తాడు. మునిగిన బండైతే అక్కడ బురద మరక ఉంటుంది. సీటు ముందుకు జరిపి కింద పట్టాలు, బోల్టులు చూడండి, తుప్పు పట్టి ఉంటాయి. డిక్కీలో స్టెపినీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూడండి, సన్నటి ఒండ్రు తగులుతుంది. బుడమేరు నీళ్లు మంచినీళ్లు కావు, కనెక్టరు సందుల్లో కూడా మన్ను వదిలి వెళతాయి. మీరు చూసిన ఫోటోలో చిలుమే ఉందా, మన్ను కూడా ఉందా?

మన్ను లేకుండా చిలుము మాత్రమే ఉంటే నా అనుమానం వేరు. ఏసీ నడిచేటప్పుడు లోపల చల్లటి కాయిల్ మీద నీరు చేరుతుంది. అది ఒక రబ్బరు గొట్టం గుండా బండి కిందికి కారిపోవాలి. మీరు ఏసీ వేసుకుని వచ్చి ఆపితే కింద చుక్కలు పడతాయి చూడండి, అదే. ఆ గొట్టం మూసుకుపోయినా, ఊడిపోయినా నీరు లోపలికే, ఎడమ వైపు కాళ్ల దగ్గరికి దిగుతుంది. కార్పెట్ కింద ఉండే మందపాటి మెత్త దాన్ని పీల్చుకుంటుంది, పైకి ఏమీ కనపడదు. మీ మాడ్యూల్ ఉన్నదీ ఎడమ వైపే. బండి చూడకుండా ఇదే కారణమని నేను తేల్చి చెప్పను. కానీ ఎడమ వైపు మ్యాటు ఎప్పుడైనా తడిగా అనిపించిందా? వరద తర్వాత ఆ షోరూములోనే సర్వీసు ఏదైనా జరిగిందా? ఆ జాబ్ కార్డు వెతికి చదవండి.

గుంటూరు వకీలు (ఫిబ్రవరి 3)

టీచరు గారూ, అన్నిటికన్నా ముందు ఆ బీమా కాగితం మీద సంతకం చేయకండి. వారంటీ చూసేది తయారీలో వచ్చిన లోపాన్ని, వరద నష్టం చూసేది బీమా. మునగని బండి మునిగిందని మీ సంతకంతో క్లెయిము వేస్తే అది అబద్ధపు క్లెయిము అవుతుంది. పైగా రేపు వారంటీ కోసం మీరు ఎక్కడ పోరాడినా అదే కాగితం మీ ముందు పెడతారు. సాయం చేస్తున్నట్టు చెప్పే ఆ మాట మీ కేసును మొదలుకంటా నరికేస్తుంది.

జాబ్ కార్డు మీద సంతకం తప్పదంటే, పక్కనే మీ చేతితో “వరద నష్టమన్న మాటను అంగీకరించడం లేదు” అని రాసి తేదీ వేయండి. వారంటీ ఎందుకు రాదో, వారంటీ పుస్తకంలోని ఏ నిబంధన కింద రాదో మెయిలులో అడగండి. ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదు. అదే మెయిలు కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా పంపి, కంపెనీ ఇంజనీరు వచ్చి చూడాలని కోరండి. పాడైన భాగాలు పారేయవద్దని, అవి సాక్ష్యమని అందులోనే రాయండి. చాలామంది ఇది మరిచిపోతారు. భాగం చెత్తలో కలిశాక చిలుము ఎక్కడిదో చెప్పగలిగేవారు ఉండరు.

వరద అని మినహాయింపు చూపించింది వాళ్లు. కాబట్టి మునగలేదని మీరు నిరూపించడం కన్నా ముందు, మునిగిందని వాళ్లు చూపాలి. చిరునామా సాక్ష్యం కాదు. అయినా మీ దగ్గర ఉన్నది మీరు సిద్ధం చేసుకోండి. గుంటూరు వెళ్లేటప్పుడు కాజ టోల్‌ప్లాజా దాటే ఉంటారు. ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు నుంచి ఆగస్టు, సెప్టెంబరు స్టేట్‌మెంటు తీసుకోండి. ఏ టోల్‌ప్లాజా ఏ రోజు ఏ సమయానికి దాటారో అందులో ఉంటుంది.

అప్పటికీ వినకపోతే 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, ఆదేశాలు ఇచ్చే అధికారం మాత్రం లేదు. ఆదేశం కావాలంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి అక్కడే వేయవచ్చు, మీరు నివసించే జిల్లాలోనే. 5 నుంచి 10 లక్షల మధ్య ధరకు ఫీజు 200 రూపాయలు. డీలరును, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. గడువు రెండేళ్లు. పరీక్షతోనే తేలే లోపమైతే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది, ఆ పరీక్ష ఫీజు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. ఈ జనవరి 1 నుంచి ఈ-జాగృతి పోర్టల్ వచ్చింది, ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

రమణ 68 (ఫిబ్రవరి 3)

ఇదంతా నెలల తరబడి సాగుతుందండీ. నేను ఒకసారి టీవీ విషయంలో తిరిగి తిరిగి విసిగిపోయాను. బేరమాడి ఒక పదివేలు తగ్గించుకుని, కట్టేసి బండి తెచ్చుకోండి. రోజూ బడికి వెళ్లాలి కదా.

సింగ్ నగర్ టీచరు (ఫిబ్రవరి 4)

రమణ గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ కట్టేస్తే ఆ రాత అలాగే ఉండిపోతుంది. రేపు ఇంజను పాడైనా వరద బండి అంటారు, అమ్మబోయినా వరద బండి అంటారు. రెండు ఆటోలు మారి బడికి వెళుతున్నాను, ఇంకో నెలైనా వెళతాను.

స్పానరు గారూ, మీ ప్రశ్న చదివి నేనూ మా వారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. డిసెంబరులో పాప స్కూలు బ్యాగు రెండు మూడు సార్లు అడుగున తడిసింది. ముందు సీటు కింద, ఎడమ వైపే పెట్టేది. నీళ్ల సీసా మూత సరిగా పెట్టలేదని పాపనే కోప్పడ్డాను. బ్యాగు ఎండబెట్టి ఊరుకున్నాను.

ఇక జాబ్ కార్డు. 2024 నవంబరు 14న, వరద వచ్చిన రెండున్నర నెలల తర్వాత, 30,000 కిలోమీటర్ల సర్వీసు అదే వర్క్‌షాపులో చేయించాం. బండి లోపలికి తీసుకునేటప్పుడు వాళ్లు నింపిన తనిఖీ కాగితం ఫైలులో ఉంది. లోపలి భాగం: బాగుంది. కార్పెట్లు: బాగున్నాయి. ఎలక్ట్రికల్: బాగుంది. వరద మాట, బురద మాట ఎక్కడా లేదు. బిల్లులో ఇంకో వరుస ఉంది: ఏసీ కాయిల్ శుభ్రం చేసినందుకు 1,450 రూపాయలు.

ఫాస్టాగ్ స్టేట్‌మెంటు కూడా వచ్చింది. ఆగస్టు 29 సాయంత్రం కాజ, మళ్లీ సెప్టెంబరు 10 ఉదయం కాజ. మధ్యలో ఏమీ లేదు.

పాత స్పానరు (ఫిబ్రవరి 4)

ఆ 1,450 వరుస చుట్టూ ఎర్ర సిరాతో గీత గీయండి అమ్మా. ఆ పనిలో కాయిల్ మీద నురుగు కొట్టి కడుగుతారు, ఆ మురికి దిగేది డ్రెయిన్ గొట్టంలోంచే. అప్పుడు గొట్టం కదిలి ఉండవచ్చు, చెత్త అడ్డుపడి ఉండవచ్చు. ఇంజనీరు వచ్చినప్పుడు మీరు దగ్గర ఉండి, ఎడమ వైపు కార్పెట్ ఎత్తించండి. మీరు లేకుండా విప్పనివ్వకండి. పాపను ఏమీ అనకండి.

మాజీ అడ్వైజర్ (ఫిబ్రవరి 5)

వేరే కంపెనీ వర్క్‌షాపులో ఆరేళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను. లోపల ఏం జరుగుతుందో చెబితే మీకు పనికొస్తుంది. వారంటీలో మార్చిన భాగం డబ్బు డీలరుకు కంపెనీ ఇస్తుంది. తర్వాత ఆడిటులో క్లెయిము తప్పని తేలితే ఆ డబ్బు డీలరు నుంచే వెనక్కి లాగుతుంది. అందుకని చిలుము కనపడగానే అడ్వైజర్‌కు భయం. కాదంటే అతనికి పోయేది ఏమీ లేదు, అవునంటే సంజాయిషీ చెప్పుకోవాలి. నేనూ అలా రాశాను, ఇద్దరు ముగ్గురి విషయంలో తొందరపడ్డానని ఇప్పుడు అనిపిస్తోంది.

కాబట్టి అడ్వైజర్‌తో వాదించి లాభం లేదు, నిర్ణయం అతని చేతిలో లేదు. వర్క్‌స్ మేనేజరును కలిసి ఒకే ప్రశ్న అడగండి: “నా బండి గురించి కంపెనీ వారంటీ విభాగానికి అసలు క్లెయిము పంపారా?” చాలాసార్లు పంపరు, ఇక్కడే కాదనేస్తారు. పంపి ఉంటే ఏయే ఫోటోలు జతచేశారో అడగండి. సీటు పట్టాల ఫోటో, స్టెపినీ గుంట ఫోటో లేకుండా వరద అని ఎలా రాశారో వాళ్లే చెప్పాలి. నవంబరు తనిఖీ కాగితం మీద సంతకం వాళ్ల మనిషిదే. దాన్ని కాదనలేరు.

సింగ్ నగర్ టీచరు (ఫిబ్రవరి 21)

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. క్లెయిము అసలు పంపలేదు. మేనేజరు గారు కంప్యూటరులో వెతికి, తలెత్తకుండానే ఆ మాట చెప్పారు. వకీలు గారు చెప్పినట్టు నవంబరు కాగితం, ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, నాన్నగారి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జతచేసి కంపెనీకి, షోరూముకు ఒకే మెయిలు పంపాను. నాలుగో రోజు జవాబు వచ్చింది. ఈలోగా 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను.

మొన్న 18న కంపెనీ ఇంజనీరు వచ్చారు. సెలవు పెట్టి వెళ్లాను. సీటు బెల్టు నేనే చివరి దాకా లాగి చూపించాను. తెల్లగా, కొత్తగా ఉంది. బిస్కెట్టు పొడి రాలింది, మా పాపది. స్టెపినీ గుంటలో దుమ్ము తప్ప ఏమీ లేదు. తర్వాత ఎడమ వైపు కార్పెట్ ఎత్తమన్నాను. కింది మెత్తను ఆయన బొటనవేలితో నొక్కారు. వేలి చుట్టూ నీళ్లు ఊరాయి, బురద లేని తేట నీళ్లు. బండి కదలక నెల కావస్తున్నా అవి ఆరలేదు. టార్చి వేసి చూస్తే డ్రెయిన్ గొట్టం దాని మూతిలోంచి జారి వేలాడుతోంది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు, ఫోటోలు తీసుకున్నారు.

నిన్న మెయిలు వచ్చింది. మాడ్యూల్, వైరింగ్ వారంటీలో మారుస్తారు, గొట్టం, మెత్త షోరూము ఖర్చు. పార్కింగ్ మాట మళ్లీ ఎత్తలేదు. నేను మాత్రం జాబ్ కార్డు మీద ఆ వరద వాక్యం కొట్టివేసి సంతకం పెట్టేదాకా కదలనన్నాను. మేనేజరు గారు కొట్టివేసి, పక్కన “నీరు ఏసీ డ్రెయిన్ నుంచి చేరింది” అని రాసి, తేదీ వేసి ఇచ్చారు. కంప్యూటరు రికార్డులో కూడా మార్చినట్టు మెయిలు ఇమ్మని అడిగాను, అది ఇంకా రావాలి.

స్పానరు గారూ, పాపకు క్షమాపణ చెప్పాను. బండి రేపు ఇస్తామన్నారు. ఏసీ వేసి పది నిమిషాలు అక్కడే నిలబెట్టి, కింద నీళ్ల చుక్కలు పడటం చూశాకే తాళాలు తీసుకుంటాను.