గిట్ హిస్టరీ నుంచి తీసేసిన ఫైల్ పాత లింకులో ఇంకా తెరుచుకుంటోంది

మాది నలుగురు డెవలపర్లున్న చిన్న స్టార్టప్. మంగళవారం రాత్రి 11 గంటలకు మా పబ్లిక్ గిట్ రెపోలోకి (ఎవరైనా చూడగలిగే, కోడ్‌నీ దాని మార్పుల హిస్టరీనీ దాచే చోటు) ఒక సీఎస్‌వీ ఫైల్ (పట్టికలాంటి డేటా ఫైల్) పుష్ చేశాను, టెస్ట్ డేటా అనుకున్నా కానీ అందులో 312 మంది యూజర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఉన్నాయి. ఏపీఐ కీ (ప్రోగ్రామ్‌లు వాడే పాస్‌వర్డ్ లాంటిది) అయితే మార్చేసేవాళ్లం, ఫోన్ నంబర్ మార్చుకోమని వాళ్లకెలా చెప్తాం?

పొద్దున 7 గంటలకు చూసుకున్న వెంటనే రెపోని ప్రైవేట్ చేసి, గిట్ ఫిల్టర్-రెపో అనే హిస్టరీని తిరగరాసే టూల్‌తో అన్ని బ్రాంచులు, ట్యాగుల నుంచి ఆ ఫైల్ తీసేసి ఫోర్స్ పుష్ చేశాం (సర్వర్‌లోని పాత హిస్టరీ స్థానంలో కొత్తది పెట్టాం), పాత క్లోన్లు (మా కంప్యూటర్లలోని రెపో కాపీలు) కూడా అందరం డిలీట్ చేశాం. కొత్త క్లోన్‌లో ఎక్కడా లేదు. హమ్మయ్య అనుకుని మళ్లీ పబ్లిక్ చేసి, లాగిన్ లేని బ్రౌజర్‌లో పాత కమిట్ (సేవ్ చేసిన మార్పు) హ్యాష్, అంటే దాని గుర్తింపు కోడ్, ఉన్న లింకు కొడితే మొదటి వరుసలోని నంబర్ పది అంకెలతో సహా కనిపించింది. వెంటనే మళ్లీ ప్రైవేట్ చేశాం. ఆ కమిట్ ఒక పుల్ రిక్వెస్ట్‌లో (మార్పుల్ని కలపమని పెట్టే రిక్వెస్ట్) ఉంది, ఆ కమిట్‌ని చూపిస్తూ సర్వర్ దాచుకున్న పుల్ రిక్వెస్ట్ రిఫరెన్స్ మీదకి పుష్ చేస్తే రిజెక్ట్ అవుతోంది. హోస్టింగ్ సైట్ సపోర్ట్‌కి రాసి మూడు రోజులైంది, ఆటోమేటిక్ రిప్లై తప్ప ఏమీ లేదు. యూజర్లకి విషయం చెప్పేశాం, అయినా టెన్షన్‌గానే ఉంది.

రెపో మొత్తం డిలీట్ చేయకుండా, పుల్ రిక్వెస్ట్‌లో మిగిలిపోయిన ఇలాంటి కమిట్‌ని సర్వర్ నుంచి పూర్తిగా తీసేయించుకున్నవాళ్లు ఏం చేశారో చెప్తారా?