కుట్టుడంటే పాణమున్న పిల్లకు గిఫ్ట్ ఏం కొనాలె? జర జల్ది చెప్పుండ్రి

హన్మకొండ మామ:
పొద్దటి సంది ఫోన్ల గిదే చూస్తున్న, తల తిరుగుతున్నది. మా అక్క బిడ్డ తొమ్మిదో తరగతి, కుట్టుడంటే పాణం, సెలవు దొర్కితే మెషిన్ మీదికెల్లి లేవది, పాత చీరలు కోసి లంగాలు, చెల్లెకు ఫ్రాకులు కుడుతది. ఆదివారం పుట్టినరోజు. ఆన్‌లైన్‌ల కొడితే వంద వస్తువుల డబ్బా అని ఒకటి, చేతిల పట్టే చిన్న మెషిన్ అని ఒకటి చూపెడుతున్నది, కింద సగం మంది మంచిగుందంటరు, సగం మంది పైసలు దండుగంటరు. చౌరస్తాల దుకాణాలు గూడ తిరిగిన, ఏం కావాలె సార్ అంటే నాకే తెల్వదాయె. ఏం కొనాల్నో సాఫ్‌గ చెప్పుండ్రి.

కాజీపేట టైలర్:
మెషిన్ ఏది?

హన్మకొండ మామ:
కుట్టు మెషినే అన్నా. మంచిగనే నడుస్తది.

కొత్తవాడ చేనేత:
ముందుగాల గా ప్లాస్టిక్ డబ్బాల ముచ్చట బంద్ చెయ్యి తమ్మీ. పిల్లకు చేనేత బట్ట కొనియ్యి. మన కొత్తవాడ జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ జాగదే అని సర్కార్ ఇచ్చే ముద్ర, వచ్చింది, పక్కపొంటి ఉన్న మనోళ్లకే తెల్వదు. 1905ల ఆగస్టు 7 నాడు స్వదేశీ ఉద్యమం మొదలైందని ఆ రోజునే చేనేత దినం చేస్తున్నరు, 2015 సంది. కుట్టే పిల్లకు నేసేటోళ్ల కష్టం తెలిస్తే బట్టను ఆగం చెయ్యది, ఒక్కసారి కొత్తవాడకు తోలుకపోయి మగ్గం చూపెట్టు, గదే పెద్ద గిఫ్ట్.

హన్మకొండ మామ:
తోలుకపోత పెద్దన్నా, గని ఆదివారం చేతిల ఏమన్న పెట్టాలె గద.

పరకాల అక్క:
డబ్బా వద్దు తమ్మీ, అండ్ల దారాలు ఉత్త పీచు, మెషిన్ల పెడితే తెగుడే తెగుడు. చేతి మెషిన్ అసలే వద్దు, అది ఒక్క దారంతోని గొలుసు కుట్టు ఏస్తది, కొస దొర్కవట్టి గుంజితే మొత్తం ఊడొస్తది. ఒకటే మంచి కత్తెర కొను, ఎనిమిది ఇంచులది, పదించులది పిల్ల చేతికి బరువైతది. దాంతోని ఇంట్ల ఎవ్వరు కాయితం కొయ్యొద్దని గట్టిగ చెప్పు, పదును పోతది. కుట్లు విప్పే రిప్పర్ ఒకటి, చాక్, 60 ఇంచుల టేపు. మిగిలిన పైసలకు రెండున్నర మీటర్ల కాటన్ తీస్కో. సాటిన్, జార్జెట్ కొనకు, కోస్తుంటేనే జారుతయి, నేర్చుకునే పిల్లకు ఇసుగొస్తది. కాటన్‌ను కోసేముందు తడిపి ఆరేసుకొమ్మను, లేకుంటే కుట్టినంక ఉతికితే గుంజుకుంటది.

జనగామ సార్:
వచ్చే ఏడు పదో తరగతి. పుస్తకాలు కొనియ్యండి.

పరకాల అక్క:
సార్, నా పిల్లలిద్దరి ఫీజులు ఈ మెషిన్ మీదనే కట్టిన. చదువు చదువే, చేతిపని చేతిపనే.

కాజీపేట టైలర్:
సూదులు కొంటే జుకీ సూది తేవద్దు, అది ఫ్యాక్టరీలల్ల వాడే పెద్ద మెషిన్‌ది. దాని కాడ మొత్తం గుండ్రం. ఇంటి మెషిన్ సూదికి ఓ పక్క సపాటు ఉంటది. 14 నంబర్ చాలు, పల్చటి బట్టకు 11, జీన్స్‌కు 16.

నర్సంపేట మెకానిక్:
జుకీ అంటే కంపెనీ పేరు అన్నా. పవర్ మెషిన్ అనాలె.

కాజీపేట టైలర్:
మోటర్ పెట్టిన ఇంటి మెషిన్‌ను గూడ పవర్ మెషినే అంటరు. దుకాణంల జుకీ సూది అంటేనే తప్పు లేకుంట ఇస్తరు.

నర్సంపేట మెకానిక్:
అందరు తప్పంటే మనం గూడ అనాల్నా? మోటర్ పెట్టిన ఇంటి మెషిన్‌కు ఏ సూదో గదన్న చెప్పు, చదివేటోళ్లు పరేషాన్ అయితరు.

కాజీపేట టైలర్:
ఇంటి సూదే. మోటర్ పెడితే సూది మారదు.

హన్మకొండ మామ:
మా అమ్మ నల్ల మెషిన్ అన్నా, తొక్కేది. కత్తెర కొందామని వచ్చిన, పిల్ల ఎడమ చేత్తోని కోస్తది గద, ఇక్కడ అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి, ఏది తీస్కోవాలె?

పరకాల అక్క:
ఎడమ చెయ్యా! గది ముందుగాల చెప్పే ముచ్చట తమ్మీ. కుడిచేతి కత్తెర ఎడమ చేత్తోని పడితే మనం ఒత్తుతుంటే రెండు అలుగులు దూరం జరుగుతయి, బట్ట తెగకుంట నడుమ మడత పడతది. పైగ గీత అలుగు కింద దాగుతది, ఎక్కడ కోస్తున్నమో కండ్లకు కనవడది. ఎడమ చేతి కత్తెరకు అలుగులు ఉల్టా ఉంటయి. పిడి ఒక్కటే మార్చినయి గూడ అమ్ముతరు, అలుగు చూసి కొను.

కొత్తవాడ చేనేత:
కాటన్ అన్నరు గద, చేనేత కాటనే తీస్కొమ్మని చెప్పుండ్రి.

హన్మకొండ మామ:
రిప్పర్, టేపు, 14 నంబర్ సూదులు, చేనేత కాటన్ తీస్కున్న. కత్తెర ఇక్కడ దొర్కలే, ఆర్డర్ పెట్టిన, ఆదివారం దాకా వస్తదో రాదో. థాంక్స్ అక్కా, అన్నా.

భూపాలపల్లి నుంచి:
అన్నా కత్తెర ఎంత పడ్డది? మా పెద్దోనిది గూడ ఎడమ చెయ్యే.