అప్‌డేట్: శ్రీముఖలింగం పేపరు కోసం అర్జీ ఎవరికిచ్చామంటే

ఎమ్మే హిస్టరీలో మా శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం శాసనాలు, శాలిహుండం బౌద్ధ కట్టడాల మీద ఒక ఎలెక్టివ్ (ఐచ్ఛిక) పేపరు పెట్టమని ఎవరిని అడగాలి, డీన్‌నా, రిజిస్ట్రార్‌నా అని అడిగాను కదా. "ముందు బోర్డ్ ఆఫ్ స్టడీస్" అన్నవారి మాటే సరైంది.

మా మేస్టారు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం తెరిచి చూపించారు. శాఖాధిపతి చూసేది క్లాసులు, టైంటేబుల్ లాంటి రోజువారీ పనులు. సిలబస్ సంగతి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ది, దాని ఛైర్మన్ పదవి వేరు. ఈ తేడా మా క్లాసులో చాలామందికి తెలీదు, మొదటి రోజే చెప్పాల్సిన విషయం ఇది. బోర్డు సిఫారసు ఫ్యాకల్టీ (కొన్ని శాఖలు కలిసిన విభాగం) మీదుగా అకడమిక్ సెనేట్‌కి వెళ్తుంది. చదువు విషయాల్లో సెనేట్‌దే పెద్ద మాట. కొత్త పోస్టులు, ఖర్చు అంటే మాత్రం ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ (పాలకమండలి) ఒప్పుకోవాలి. కులపతి గవర్నరు, అంతదూరం మనకక్కర్లేదు.

అందుకే మేస్టారి సలహా మీద, ఉన్న అధ్యాపకులతోనే ఈ పేపరు నడపొచ్చని రాసి బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఛైర్మన్ గారికిచ్చాం. వచ్చే సమావేశం ఎజెండాలో పెడతామన్నారు.

కళింగాన్నేలిన తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని చాలామంది చరిత్రకారుల మాట. ఆ ఊరున్న వంశధార ఒడ్డున పుట్టిన పిల్లలు ఈ చరిత్రని పాఠంలో ఒక్క పేరాతో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు రీడింగ్ లిస్టు తయారుచేస్తున్నాం. ముఖలింగం శాసనాల అచ్చు ప్రతులు మీ దగ్గరుంటే చెప్పండి.