ఉప్పునీటి అక్వేరియానికి వల మూత మంచిదా, గాజు మూత మంచిదా?

నమస్కారం. మాది శ్రీకాకుళం. మా ఇంట్లో 3 అడుగుల పొడవున్న, సుమారు 190 లీటర్లు పట్టే ఉప్పునీటి అక్వేరియంలో రెండు క్లౌన్ చేపలు, కొన్ని మెత్తని పగడాలు ఉన్నాయి. గత నెలలో ఒక ఫైర్‌ఫిష్ రాత్రివేళ బయటికి దూకి, తెల్లవారేసరికి నేలమీద ఎండిపోయి కనిపించింది. ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు. అందుకే మూత తప్పనిసరిగా వేయదలచుకున్నాను.

గాజు మూత వేస్తే నీరు ఆవిరి కావడం తగ్గి, ఉప్పునీటి సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉంటుంది. కానీ మన వేసవిలో, ముఖ్యంగా కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడు, నీటిని కాస్తయినా చల్లబరిచేది ఆ ఆవిరే కదా. పైగా గాజుపై ఉప్పు పేరుకుంటే పగడాలకు వెలుతురు తగ్గుతుంది, గాలి మార్పిడి కూడా మందగిస్తుంది. వల మూతతో ఈ చిక్కులు లేవు గానీ, ఆవిరైన మేరకు రోజూ ఆర్వో నీరు పోయాలి.

కిటికీలకు దోమతెర బిగించేవారు అల్యూమినియం ఫ్రేము చేసిస్తామంటున్నారు. ఉప్పు తుంపర దాన్ని తినేయదా, ప్లాస్టిక్ ఫ్రేమే మేలా? దోమతెర వెలుతురును అడ్డుకుంటుందేమోనన్న అనుమానంతో, 6 మిల్లీమీటర్ల కన్నులున్న తెల్లని నైలాన్ వల అనుకుంటున్నాను; సన్నని చేపలు అందులోంచి దూరిపోతాయా? సగం గాజు, సగం వల అమర్చినవారు ఎవరైనా ఉంటే, మే నెలలో నీటి ఉష్ణోగ్రత ఎంత వరకు పెరిగిందో దయచేసి తెలియజేయగలరు.