రీబోర్ తర్వాత పొద్దున్నే టకటకా: మళ్ళీ ఇంజన్ దింపాలా, ఇలాగే తోలేయొచ్చా?

సెమిలిగుడ_ఓమ్ని:
అన్నలూ, సిలిండర్లు అరిగి ఓమ్ని బోరుకొచ్చేసిందని దసరా ముందు రీబోర్ చేయించాను, అంటే సిలిండర్లని కాస్త పెద్దగా కొయ్యించి 0.50 మి.మీ. ఓవర్ సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. చలి మొదలయ్యాక పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే టకటకా అంటాది, టెంపరేచర్ ముల్లు లేచేసరికి పోతాది. పికప్ బాగుంది, పొగ లేదు. కట్టిన మిస్త్రీ ఏమో ఇది పిస్టన్ స్లాప్, పిస్టన్ బోరు గోడకి కొట్టుకునే సౌండు, ఏం కాదు తోలుకో అంటన్నాడు, మా బావేమో దింపించాల్సిందే అని ఒకటే గోల. మీరేటంటారు?

రాయగడ_డీజిల్:
తోలుకో తమ్ముడూ. పిస్టన్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము, అదే వేడికి అల్యూమినియం ఇనుముకి దాదాపు రెండింతలు సాగుతాది, చల్లగా ఉన్నప్పుడు రెండింటి మధ్య ఉన్న సందు వేడెక్కాక తగ్గిపోతాది, అంతే. అమెరికాలో 2000 ఆ ప్రాంతంలో జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ళ వి8, అంటే ఎనిమిది సిలిండర్ల కొత్త బళ్ళకే చలిలో ఈ సౌండ్ వచ్చేది, వాళ్ళే హాని లేదని చెప్పారు. 20డబ్ల్యూ-50 మందం ఆయిల్ పోసెయ్, తగ్గుతాది.

పర్లా_లేత్:
కంపెనీ తన ఇంజన్ చెడ్డదని చెప్తాదా అన్నా? ఆ మాట పక్కన పెట్టు. కంపెనీ బోరులో కొలత ఎంతో వాడికి తెలుసు, ఇక్కడ మన తమ్ముడి బోరులో ఎంత సందు వదిలారో ఎవడికైనా తెలుసా? అసలు ప్రశ్న అదీ. ఇలాంటి చిన్న పెట్రోల్ ఇంజన్లకి మామూలుగా 0.02 నుంచి 0.05 మి.మీ. లోపు ఉండాలి, 0.10 దాటితే అది చలి సౌండ్ కాదు, లూజు. పిస్టన్ నిండు గుండ్రం కాదు, కొంచెం కోడిగుడ్డు వాటం, పిన్నుకి అడ్డంగా స్కర్టు (పిస్టన్ కింది భాగం) దగ్గర మైక్రోమీటర్ పెట్టి, మూడు పిస్టన్లూ విడివిడిగా కొలిచి, ఏ బోరు ఏ పిస్టన్‌కో రాసుకుని కొయ్యాలి, మన దగ్గర అంత ఓపిక ఎవరికుంది, పెట్టె మీద 0.50 అనుంటే మూడింటినీ ఒకే కొలతకి లాగేసి, గీతలు బాగా పడాలని హోనింగ్ (బోరు లోపల రాయితో రుద్దడం) ఇంకో నాలుగు సార్లు ఎక్కువ తిప్పేస్తారు, అక్కడే పోతాది సైజు. ఆయిల్ సంగతి కూడా, మందం ఆయిల్ సౌండ్‌ని కప్పెడతాది గాని సందుని పూడ్చదు, పైగా సెమిలిగుడ చలిలో పొద్దున్నే పైదాకా ఎక్కడానికి టైం తీసుకుంటాది.

గునుపురం_బండి:
అసలు అది స్లాపేనా? కనెక్టింగ్ రాడ్ కింద క్రాంక్ దగ్గరుండే బిగ్ ఎండ్ బేరింగ్ కాదని ఏటి గ్యారంటీ

పర్లా_లేత్:
మంచి ప్రశ్న. ఒక్కో ప్లగ్ వైరూ తీసి చూడమంటారు చాలామంది, ఆ సిలిండర్‌లో ఫైరింగ్ ఆగితే సౌండ్ తగ్గుతాది నిజమే, కానీ బేరింగ్ సౌండ్ కూడా తగ్గుతాది, కాబట్టి ఏ సిలిండరో తెలుస్తాది గాని ఏ జబ్బో తెలీదు. (తీసిన వైరుని బాడీకి ఎర్త్ చెయ్యండి, లేపోతే కాయిల్ పోతాది. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేని ఇంజెక్షన్) బండైతే ఎక్కువసేపు వద్దు, కాలని పెట్రోల్ సైలెన్సర్ లైనులో పొగ శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతాది.) వేడెక్కాక తగ్గితే స్లాప్, ఆయిల్ పల్చబడ్డాక పెరిగితే బేరింగ్, పెరిగితే మాత్రం ఆ క్షణమే ఆపెయ్యాలి.

రాయగడ_డీజిల్:
అదే కదా నేను చెప్పేది, తగ్గుతోంది కాబట్టి తోలుకో అని! ఇంజన్ దింపే కూలి, గాస్కెట్ సెట్టు, మళ్ళీ ఇంకా పెద్ద సైజు పిస్టన్లు, ఇవన్నీ నువ్విస్తావా? నీ లేత్ షాపు బిజినెస్ చూసుకోకు బాబూ.

పర్లా_లేత్:
నేను దింపమనలేదు అన్నా, కొలత అడగమన్నాను. ఇంకొకటి, పిస్టన్‌ని రాడ్‌కి కలిపే గజన్ పిన్ను సరిగ్గా మధ్యలో ఉండదు, స్లాప్ తగ్గాలనే ఒక పక్కకి కాస్త జరిపి పెడతారు. పిస్టన్ తిరగేసి వేస్తే ఆ ఏర్పాటు ఉల్టా అయిపోయి చక్కని బోరులో కూడా కొడతాది. పైన బాణం గుర్తు పుల్లీ వైపు ఉండాలి.

సెమిలిగుడ_ఓమ్ని:
హెడ్ పెట్టకముందు ఫోన్‌లో ఫోటో తీశాను అన్నా, జూమ్ చేసి చూశా, మూడు బాణాలూ పుల్లీ వైపే ఉన్నాయి. రెండో సిలిండర్ వైరు తీస్తే సౌండ్ బాగా తగ్గింది. సాలూరు నుంచి లోడుతో సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు టాప్‌లో లాగితే వేడి మీద కూడా కొంచెం వినిపిస్తాది, థర్డ్‌కి దింపితే లేదు.

పర్లా_లేత్:
అయితే రెండో బోరే కాస్త లూజు. తక్కువ ఆర్పీఎంలో బరువు లాగించకు. ఇప్పుడైతే దింపకు. డిప్ స్టిక్‌తో ఆయిల్ మట్టం రోజూ చల్లగా ఉన్నప్పుడే చూసి రాసిపెట్టుకో, కంప్రెషన్ ఇప్పుడొకసారి కొలిపించు, వేసవికి మళ్ళీ కొలిపించు. ఆయిల్ తాగడం, నీలం పొగ, ఆయిల్ పోసే ఫిల్లర్ క్యాప్ తీస్తే బుసబుసా గాలి, వీటిలో ఏదొచ్చినా అప్పుడు దింపు. బోరింగ్ షాపు బిల్లు ఉందా?

సెమిలిగుడ_ఓమ్ని:
ఉంది, కానీ దాని మీద రేటు తప్ప కొలత లేదు.

రాయగడ_డీజిల్:
ఎవడి బిల్లు మీద ఉంటాదిలే.

పర్లా_లేత్:
మా దాని మీద ఉంటాది అన్నా.