గుట్ట మీద మొక్కల పథకం వస్తే నీళ్లు పెరుగుతాయా, మేత పోతుందా?

చేనుగట్టు:
మాది కళ్యాణదుర్గం పక్క ఊరు. మా ఊరి గుట్ట మీద కరువు పనుల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటుతారంట, నాటినాక కొన్నేళ్లు గొర్రెల్ని పోనివ్వరంట. నా చేను గట్ల మీద కూడా చెట్లు పెట్టుకోమంటున్నారు. బోర్లలో నీళ్లు వస్తాయని ఊర్లో సగం మంది సంతోషంగా ఉన్నారు, గొర్రెలున్నోళ్లు మాత్రం మేత పోతుందని కొట్లాటకు వస్తున్నారు. ఎవరి మాట నిజం? ఇలాంటివి చూసినోళ్లు చెప్పండన్నా.

కదిరి రైతు:
ఇద్దరిదీ నిజమే తమ్ముడూ. నీళ్లు ఇంకేది ముందు కందకం వల్ల, మొక్క వల్ల వచ్చే మేలు తర్వాత. మన దగ్గర ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు అటూఇటూ, అందులో ఎక్కువ భాగం నాలుగైదు గట్టి వానల్లోనే పడి, ఆపేది ఏదీ లేకుంటే ఎర్రమట్టిని కోసుకుంటూ వంకలో కలిసిపోతుంది. గుట్ట తలమీద నుంచి మొదలుపెట్టి కందకాలు, రాతికట్టలు, ఆ కింద ఊటకుంట, ఈ వరసలో చేయించండి. ముందే కింద చెక్‌డ్యాం కట్టేస్తే అది మట్టితో పూడిపోతుంది. నీలగిరి నాటుతామంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు, వేగంగా పెరిగే చెట్టు నీళ్లూ అంతే తాగుతుంది, కర్ణాటకలో 2017లో కొత్తగా నీలగిరి నాటకుండా నిషేధం పెట్టింది అందుకే. వేప, కానుగ, చింత, సీతాఫలం అడగండి. ఇంకోటి, ఊట పెరిగిందని తెలియగానే పోటీపడి కొత్త బోర్లు వేసి చీనీ (బత్తాయి) తోటలు పెడితే గుట్ట మీద పడిన కష్టమంతా ఆ బోర్లలోకే పోతుంది.

ఆలూరు:
మాది గొర్రెల ఇల్లు. పథకం లెక్కల్లో ఎన్ని మొక్కలు బతికాయో రాస్తారు గానీ ఎంత గడ్డి పోయిందో ఎవరూ రాయరు, నాకు బాధ అక్కడే. గడ్డి నేలంటే ఖాళీ జాగా కాదు, మట్టిని పట్టుకునేదీ అదే, మందకు మేతా అదే. అంతరించిపోయిందనుకున్న కలివికోడి పిట్ట కడప దగ్గర లంకమల అడవిలో 1986లో మళ్లీ కనిపించింది కదా, అది బతికేది చిక్కటి అడవిలో కాదు, మధ్యమధ్య ఖాళీ ఉన్న ముళ్లపొదల్లో. బట్టమేకపిట్ట కోసం కర్నూలు వైపు పెట్టిన రోళ్లపాడు అభయారణ్యం కూడా గడ్డి నేలే. అలాంటి చోట గుంత గుంతకీ మొక్క నాటితే పచ్చగా కనిపిస్తుందేమో గానీ అక్కడ బతికేవి పోతాయి. ఆ గుట్టలో గడ్డి బాగా వచ్చే వైపు వదిలేసి, బండలు తేలిన వాలులోనే నాటమనండి.

చేనుగట్టు:
ఇది ఎవరూ చెప్పలేదన్నా. మరి గట్ల సంగతి? నాది శనక్కాయ చేను, నీడ పడితే పంట తగ్గుతుందని భయం.

కదిరి రైతు:
పెద్ద చెట్లు దగ్గర దగ్గరగా పెడితే తగ్గుతుంది. పచ్చిరొట్ట ఎరువుకు పెంచే గ్లైరిసిడియా చెట్టు పెట్టు, వానకు ముందు కొమ్మలు కొట్టి ఆకు చేనులో వేస్తే నత్రజని వస్తుంది, నీడా ఉండదు. శనక్కాయలో కంది సాళ్లు వేయడం మానొద్దు, తేనెటీగలు కంది పూతకు బాగా వస్తాయి. గుట్ట విషయం మాత్రం పని మొదలుకాక ముందే గ్రామసభలో పెట్టండి, ఒకేసారి అంతా మూసేయకుండా ముక్కలు ముక్కలుగా మూయాలని, మూసిన ముక్కలో గడ్డి కోసుకుపోయే హక్కు గొర్రెలోళ్లకే ఉండాలని తీర్మానంలో రాయించండి.