‘ఓటు వేయిస్తాం’ అనవచ్చా?

2024 ఏప్రిల్‌లో ఒక పార్టీ కార్యకర్త మా ఇంటికి వచ్చి, తొంభై దాటిన మా అమ్మమ్మతో “అమ్మమ్మగారూ, ఇంటి నుంచే మీతో ఓటు వేయిస్తాం” అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. “నా ఓటు నేను వేస్తాను. నువ్వు వేయించేదేమిటి బాబూ?” అంది. పాపం, అతని చేతిలో ఉన్నది ఫారం-12డి, అంటే పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తు మాత్రమే. ఇద్దరిలో ఎవరి తెలుగు సరైనది? ఇలాంటి సాయం గురించి మేం వేయబోయే కరపత్రంలో ఏమని రాయాలి?

— అమ్మమ్మగారిదే. ‘-ఇంచు’ చేరితే పని ఒకరిది, పూనిక ఇంకొకరిది. ‘ఇల్లు కట్టించాను’ అంటే గోడ లేపింది మేస్త్రి, గది ఎక్కడ ఉండాలో చెప్పింది నేను. ‘ఓటు వేయించాను’ అన్నా వినేవారికి అదే స్ఫురిస్తుంది: చేయి ఆమెది, నిర్ణయం నాది. ఓటు విషయంలో ఆ అర్థం తప్పు మాత్రమే కాదు, అవమానం కూడా.

— అంత కఠినంగా చూడనవసరం లేదేమో. ‘వైద్యం చేయించాను’ అంటాం కదా, మందు నిర్ణయించేది వైద్యుడేగా?

— నిజమే, కానీ వైద్యం కావాలని పూనుకున్నది మీరు. ఇక్కడ పూనిక కూడా ఓటరుదే కావాలి. ఆ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ఈ వెసులుబాటు ఇచ్చారు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా దరఖాస్తు ఇవ్వాలి. అది ఆమోదం పొందితే ఆ ఎన్నికలో మళ్లీ పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఓటు వేయడానికి వీల్లేదు. ఆ సంగతి చెప్పకుండా సంతకం పెట్టించడం సాయం కాదు. నేను రెండు ఎన్నికల్లో ఇంటింటికీ తిరిగాను కాబట్టి చెబుతున్నాను: గడువు గుర్తుచేయడం, ఫారం చదివి వినిపించడం, బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఎప్పుడొస్తారో కనుక్కోవడం, ఇవే మన పనులు. బ్యాలెట్ తెచ్చేదీ తీసుకెళ్లేదీ ఎన్నికల సిబ్బంది.

— ‘పరోక్ష ఓటు’ అంటే గొడవ ఉండదుగా? పరోక్షం అంటే కంటికి ఎదురుగా లేనిదే.

— మూలార్థం అదే, కానీ ‘పరోక్ష ఎన్నిక’ అనగానే ప్రజలు నేరుగా కాక సభ్యులు ఎన్నుకునే మండలాధ్యక్షుల ఎన్నిక గుర్తొస్తుంది. ఆ మాట ఇప్పటికే వేరే పనిలో ఉంది. కరపత్రంలో ‘ఇంటి నుంచి ఓటుకు దరఖాస్తు చేయడంలో సాయపడతాం’ అని వేయండి. కాస్త పొడుగే, అయినా అమ్మమ్మగారు ఒప్పుకుంటారు.